పురుష హార్మోన్ చికిత్సలో ఇనుము: లోపమూ ముప్పే, అధికమూ ముప్పే

శరీరాన్ని ధరించేవి ధాతువులు. రసం, రక్తం, మాంసం, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రం అనే ఏడు ధాతువులలో రక్తానిది రెండవ స్థానం, శుక్రానిది చివరి స్థానం. ముందున్న ధాతువు సారం నుండి తరువాతి ధాతువు పోషణ పొందుతుందని ఆయుర్వేదం చెబుతున్నది. రక్తం చక్కగా ఉంటేనే శుక్రం చక్కగా ఉంటుందన్న సంగతి మన పెద్దలకు తెలిసినదే. అయితే శుక్రధాతువునకు సంబంధించిన ఔషధాన్ని బయటి నుండి శరీరంలోకి ఎక్కించినప్పుడు రక్తం ఏమవుతుంది? ఇది నేటి కుటుంబాలలో కొత్తగా ఎదురవుతున్న ప్రశ్న.

వృషణాలలో తయారయ్యే టెస్టోస్టెరోన్ అనే హార్మోన్ తగ్గినవారికి దానినే సూదిమందుగానో, చర్మానికి రాసే జెల్‌గానో ఇచ్చే చికిత్స నేడు నగరాలకే పరిమితం కాలేదు. హైదరాబాదుకు ఉదయం వెళ్లి సాయంత్రం తిరిగి వచ్చే దూరంలో ఉన్న మా ముడిమ్యాల, చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాలలోనూ ఈ చికిత్స పొందుతున్నవారు ఉన్నారు. వీరిలో చాలామంది ఒకవైపు హార్మోన్ సూది వేయించుకుంటూ, మరొకవైపు బలం కోసమని ఇనుము కలిసిన టానిక్కులు, లోహభస్మం చేరిన లేహ్యాలు సేవిస్తుంటారు. మరికొందరు రక్తం చిక్కబడిందని ఎవరో చెప్పగా మాటిమాటికీ రక్తం తీయించుకుంటారు. ఈ రెండు మార్గాలలోనూ ప్రమాదం ఉన్నది. కావున ఈ విషయాన్ని పాఠక మహాశయులకు కొంత విపులంగా తెలియజేయడం అవసరమని భావిస్తున్నాను.

ఈ చికిత్స ఎవరికి?

టెస్టోస్టెరోన్‌ను ప్రయోగశాలలో తయారుచేసే విధానం 1935లో తెలిసింది. ఆ కృషి చేసిన బ్యుటెనాంట్, రుజిస్కా అనే శాస్త్రవేత్తలకు 1939లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి ప్రకటించారు. నాటి నుండి ఇది వైద్యంలో వాడుకలో ఉన్నది.

వృషణాలు దెబ్బతిన్నవారికి, మెదడు అడుగున ఉండే పీయూషగ్రంథి సరిగా పనిచేయనివారికి ఈ చికిత్స నిజంగా అవసరం. వయసు వలన సహజంగా కలిగే అలసటకు, నిద్రలేమి వలన కలిగే నీరసానికి, స్థూలకాయం వలన కలిగే బద్ధకానికి ఇది మందు కాదు. ఉదయం వేళ తీసిన రక్తంలో వేర్వేరు రోజులలో రెండుసార్లు హార్మోన్ తక్కువగా ఉన్నట్లు తేలి, దానికి తగిన లక్షణాలు కూడా ఉంటేనే నిపుణులు ఈ చికిత్స ప్రారంభిస్తారు. వ్యాయామశాలలో కండలు పెంచుకోవడానికి ఎవరో ఇచ్చిన సూది వేయించుకోవడం చికిత్స అనిపించుకోదు. సంతానం కోరుకునే యువకులు మరొక సంగతి తప్పక గ్రహించాలి. బయటి నుండి టెస్టోస్టెరోన్ తీసుకుంటే వృషణాలు తమ పని మానుకొని వీర్యకణాల సంఖ్య పడిపోతుంది. పుంస్త్వం కోసం వేయించుకున్న సూదియే సంతానానికి అడ్డు అవుతుంది.

అశ్వగంధ, దూలగొండి, పల్లేరు వంటి వాజీకరణ ద్రవ్యాలకు మన శాస్త్రంలో సముచిత స్థానం ఉన్నది. కానీ గ్రంథి దెబ్బతిని హార్మోన్ ఉత్పత్తి ఆగిపోయినవారికి ఇవి ఆ లోటు పూరించగలవని చెప్పడం సరికాదు. అటువంటివారు వీటిని నమ్మి ఆసుపత్రి చికిత్స మానరాదు.

రక్తానికి, ఇనుముకు, ఈ హార్మోన్‌కు గల సంబంధం

పెద్దవారి శరీరంలో మొత్తం 3 నుండి 4 గ్రాముల ఇనుము ఉంటుంది. అందులో దాదాపు మూడింట రెండు వంతులు రక్తంలోని హీమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. మిగిలినదానిలో అధికభాగం కాలేయం, ప్లీహం, మజ్జలలో నిల్వ ఉంటుంది. రసధాతువునకు రంగునిచ్చి రక్తంగా మార్చే రంజక పిత్తానికి యకృత్తు, ప్లీహములే స్థానాలని మన ప్రాచీనులు చెప్పిన మాట ఇక్కడ గుర్తుకు వస్తుంది.

రక్తపరీక్షలో ఫెరిటిన్ అని వ్రాసేది ఈ నిల్వను తెలిపే అంకె. దీనిని గుమ్మిలో దాచిన ధాన్యం అనుకుందాం. హీమోగ్లోబిన్ ఆ పూట వండిన అన్నం. వంట ఎక్కువైతే గుమ్మి తరుగుతుంది. వంటింట్లో అన్నం నిండుగా ఉన్నా గుమ్మి ఖాళీ కావచ్చు. ఈ ఒక్క పోలిక అర్థమైతే ఈ వ్యాసంలోని మిగిలిన విషయమంతా సులభంగా బోధపడుతుంది.

మనం తిన్న ఆహారంలోని ఇనుము అంతా రక్తంలో చేరదు. ఆరోగ్యవంతుడైన పురుషుని పేగులు రోజుకు 1 నుండి 2 మిల్లీగ్రాములు మాత్రమే గ్రహిస్తాయి. ఎంత గ్రహించాలో నిర్ణయించేది కాలేయంలో పుట్టే హెప్సిడిన్ అనే పదార్థం. 2000, 2001 సంవత్సరాలలో వెలుగులోకి వచ్చిన ఈ పదార్థం చెరువు తూముకు వేసిన తలుపు వంటిది. హెప్సిడిన్ పెరిగితే తలుపు దిగుతుంది, ఇనుము లోపలికి రాదు, నిల్వ నుండి బయటకూ పోదు. అది తగ్గితే తలుపు లేస్తుంది.

టెస్టోస్టెరోన్ ఈ తలుపును పైకి ఎత్తుతుందని 2010లో అమెరికా పరిశోధకులు నిరూపించారు. హార్మోన్ ఇచ్చినప్పుడు హెప్సిడిన్ తగ్గుతుంది, ఇనుము మజ్జకు ఎక్కువగా అందుతుంది. మూత్రపిండాల నుండి, మజ్జ నుండి కూడా రక్తకణాల ఉత్పత్తికి ప్రేరణ లభిస్తుంది. ఫలితంగా ఎర్రకణాలు పెరుగుతాయి, నిల్వ ఇనుము తరుగుతుంది. అంటే ఒకే మనిషిలో ఒకే సమయంలో రక్తం చిక్కబడడం, ఇనుము నిల్వ తగ్గడం రెండూ జరుగవచ్చు. సామాన్యులు పొరబడేది సరిగ్గా ఇక్కడే.

ఈ గుణం కొందరికి మేలు చేస్తుంది. 65 ఏళ్లు దాటి, హార్మోన్ తక్కువగా ఉండి, కారణం తెలియని రక్తహీనత గల పురుషులపై అమెరికాలో జరిగిన ఒక పరిశోధన ఫలితాలు 2017లో వెలువడ్డాయి. హార్మోన్ పొందినవారిలో నూటికి 54 మందికి హీమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరుగగా, ఉత్తుత్తి మందు పొందినవారిలో నూటికి 15 మందికే ఆ వృద్ధి కనిపించింది. రక్తహీనత గలవారికి వరమైన ఈ గుణమే రక్తం సమృద్ధిగా గలవారికి ముప్పుగా మారుతుంది.

రక్తం చిక్కబడితే ఏమవుతుంది?

రక్తంలో ఎర్రకణాలు ఆక్రమించిన భాగాన్ని శాతంలో చెప్పే పరీక్ష హెమటోక్రిట్. కొన్ని పరీక్షాకేంద్రాలు దీనిని పి.సి.వి. అని వ్రాస్తాయి. పురుషులలో ఇది సాధారణంగా 40 నుండి 50 శాతం మధ్య ఉంటుంది. హీమోగ్లోబిన్ అంకెను మూడుతో గుణిస్తే సుమారుగా ఈ అంకె వస్తుంది. హీమోగ్లోబిన్ 15 అయితే హెమటోక్రిట్ 45 చుట్టుపక్కల, హీమోగ్లోబిన్ 18 అయితే 54 చుట్టుపక్కల ఉంటుందని గ్రహించాలి.

54 శాతం దాటితే హార్మోన్‌ను ఆపి, అంకె దిగివచ్చిన తరువాత తక్కువ మోతాదుతో తిరిగి ప్రారంభించాలన్నది నిపుణుల నియమం. చిక్కబడిన రక్తం సన్నని నాళాలలో మందంగా కదులుతుంది. గడ్డకట్టే అవకాశం పెరుగుతుందన్నదే భయం. గుండెజబ్బు గలవారు, వచ్చే అవకాశం గలవారు 5,200 మందికి పైగా పాల్గొన్న పెద్ద పరిశోధన ఒకటి 2023లో ప్రచురితమైనది. జెల్ రూపంలో హార్మోన్ వాడినవారిలో గుండెపోటు, పక్షవాతం అధికం కాలేదు. కానీ ఊపిరితిత్తుల నాళాలలో గడ్డలు, గుండె లయ తప్పడం కొద్దిగా ఎక్కువగా కనిపించాయి. కావున భయపడి చికిత్స మానవలసిన పనిలేదు, పరీక్షలు మానడం మాత్రం తగదు.

సూదిమందు వాడేవారిలో రక్తం చిక్కబడడం ఎక్కువ, జెల్ వాడేవారిలో తక్కువ. రెండు మూడు వారాలకు ఒకసారి వేసే సూదితో మొదటి రోజులలో హార్మోన్ బాగా పైకి లేచి తరువాత దిగుతుంది. ఈ ఎగుడుదిగుడులలో మజ్జ అధికంగా ప్రేరేపింపబడుతుంది. బీడీ, సిగరెట్టు కాల్చేవారిలో, గురకపెట్టి నిద్రలో ఊపిరి ఆగే జబ్బు గలవారిలో, స్థూలకాయులలో ఈ ముప్పు మరింత అధికం.

చేయించుకోవలసిన పరీక్షలు

నేను గురుకులంలో అభ్యసించిన రోజులలో పాండురోగిని పరీక్షించేటప్పుడు కనురెప్ప లోపలి భాగం, నాలుక, గోళ్లు, అరచేతి గీతలు చూడడం గురువుగారు నేర్పించారు. పాలిపోయిన రక్తహీనతను పసిగట్టడానికి ఆ పద్ధతి నేటికీ ఉపయోగపడుతుంది. కానీ ముఖవర్ణం చూసి హెమటోక్రిట్ 48 అనో, 55 అనో చెప్పడం ఎంతటి వైద్యునికైనా అసాధ్యం. నాడి చూసి ఫెరిటిన్ చెప్పడమూ అంతే. దీనికి రక్తపరీక్షయే శరణ్యం.

హార్మోన్ మొదలుపెట్టే ముందు ఒకసారి, మొదలుపెట్టిన మూడు నుండి ఆరు నెలల మధ్య ఒకసారి, ఆ తరువాత సంవత్సరానికి ఒకసారి హెమటోక్రిట్ చూడాలి. మొదటే 50 శాతం దాటి ఉంటే కారణం తేలేవరకు హార్మోన్ ఆరంభించరాదు. అలసట ఉన్నా, రక్తం తీయించుకుంటున్నా ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ అనే పరీక్షలు కూడా జతచేయాలి.

పరీక్షకు వెళ్లే ముందురోజు నీరు చక్కగా త్రాగాలి. ఎండాకాలంలో పొలం పనిచేసి, చెమటోడ్చి, దప్పికతో వెళ్లి రక్తం ఇస్తే నీరు తగ్గిన కారణంగా హెమటోక్రిట్ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఉదయం ప్రశాంతంగా, ప్రతిసారి ఒకే కేంద్రంలో చేయించుకోవడం మంచిది. సూది వేయించుకున్న తేదీని చీటీపై వ్రాసి ఉంచుకోవాలి.

నాలుగు స్థితులు, నాలుగు మార్గాలు

హీమోగ్లోబిన్ ఒక్కటే చూసినా, ఫెరిటిన్ ఒక్కటే చూసినా దారి తప్పుతాము. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవాలి. అప్పుడు నాలుగు స్థితులు కనిపిస్తాయి.

1. హీమోగ్లోబిన్ తక్కువ, ఫెరిటిన్ తక్కువ. పురుషులలో హీమోగ్లోబిన్ 13 గ్రాములకు తగ్గితే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించింది. ఫెరిటిన్ 15కు తగ్గితే ఇనుము నిల్వ ఖాళీ అయినట్లే. హార్మోన్ వాడుతూ కూడా రక్తం పెరగకపోతే రక్తం ఎక్కడో కారిపోతున్నదని అనుమానించాలి. మూలశంక, కడుపులో పుండు, కీళ్లనొప్పి మాత్రల అతివాడకం, కొంకిపురుగులు, వయసు మళ్లినవారిలో పెద్దపేగు క్యాన్సర్ కారణాలు కావచ్చు. కారణం వెదికిన పిమ్మట ఇనుము ఇవ్వాలి. ఈ స్థితిలో ఇనుము నిజమైన ఔషధం.

2. హెమటోక్రిట్ ఎక్కువ, ఫెరిటిన్ సరిపోయినంత. ఇనుము మందులన్నీ ఆపాలి. హార్మోన్ మోతాదు తగ్గించడమో, సూదుల వ్యవధి మార్చడమో, జెల్‌కు మారడమో ఎండోక్రైనాలజిస్టు నిర్ణయిస్తారు. పొగ మానాలి. గురక ఉంటే నిద్రపరీక్ష చేయించాలి.

3. హెమటోక్రిట్ ఎక్కువ, ఫెరిటిన్ తక్కువ. ఇది మిక్కిలి చిక్కైన స్థితి. దీనిని వేరుగా వివరిస్తాను.

4. ఫెరిటిన్ బాగా ఎక్కువ. ఇది ఎల్లప్పుడూ ఇనుము అధికమైనదనడానికి గుర్తు కాదు. జ్వరం, కీళ్లవాపు, కాలేయంలో కొవ్వు, మద్యపానం వలన కూడా ఫెరిటిన్ పెరుగుతుంది. ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ 45 శాతం దాటి ఉంటే నిజంగానే ఇనుము పేరుకుంటున్నదేమోనని విచారించాలి. కారణం తేలేవరకు ఇనుము గల ఏ మందూ ముట్టరాదు.

మూడవ స్థితి: పొరపాటు జరిగేది ఇక్కడే

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. 52 ఏళ్ల గృహస్థు. రెండేళ్లుగా హార్మోన్ సూది వేయించుకుంటున్నాడు. రక్తం చిక్కబడినదని తెలిసి మూడు నెలలకొకసారి రక్తదానం చేస్తున్నాడు. ఇటీవల అలసట, రాత్రిపూట కాళ్లు నిలకడగా ఉంచలేకపోవడం, జుట్టు రాలడం మొదలయ్యాయి. పరీక్షలో హీమోగ్లోబిన్ 17.8, హెమటోక్రిట్ 54, ఫెరిటిన్ 14. ఇంట్లోవారు ఫెరిటిన్ పక్కన తక్కువ అని ముద్రించిన గుర్తు చూస్తారు. వెంటనే ఇనుము మాత్రలు, ఖర్జూరం, బెల్లం, లోహభస్మం చేరిన లేహ్యం ఇంటికి వస్తాయి. రెండు నెలలలో ఏమవుతుంది? హార్మోన్ ఎత్తిపట్టిన తూము గుండా ఇనుము మజ్జకు చేరుతుంది. మజ్జ దానిని నిల్వ చేయక కొత్త ఎర్రకణాలుగా మారుస్తుంది. హెమటోక్రిట్ 54 నుండి ఇంకా పైకి లేస్తుంది. అది చూసి మళ్లీ రక్తం తీస్తారు. మళ్లీ ఫెరిటిన్ పడిపోతుంది, మళ్లీ ఇనుము. గానుగెద్దు వలె ఎంత తిరిగినా మొదలుపెట్టిన చోటికే చేరడం తప్ప ఫలితం లేదు.

లెక్క చూసినా ఇది తెలుస్తుంది. ఒకసారి 450 మిల్లీలీటర్ల రక్తం తీస్తే సుమారు 200 నుండి 250 మిల్లీగ్రాముల ఇనుము బయటకు పోతుంది. పేగులు గ్రహించేది రోజుకు 1 నుండి 2 మిల్లీగ్రాములే, అందులోనూ అధికభాగం నిత్యవ్యయానికే సరి. పోయిన దానిని పూడ్చుకోవడానికి నెలల తరబడి సమయం కావాలి. సంవత్సరానికి నాలుగుసార్లు ఇచ్చేవాని గుమ్మి ఎన్నటికి నిండుతుంది?

కావున మూడవ స్థితిలో సరిచేయవలసినది ముందుగా హార్మోన్ మోతాదు. మోతాదు తగ్గితే మజ్జ వేగం తగ్గుతుంది, ఇనుము వ్యయం తగ్గుతుంది, రక్తం తీయవలసిన అవసరమే తప్పిపోవచ్చు. హెమటోక్రిట్ సురక్షితమైన హద్దులోకి వచ్చిన తరువాత, నిల్వ నింపడానికి వైద్యుడు అవసరమనుకుంటే తక్కువ మోతాదులో ఇనుము ఇచ్చి, నెల రెండు నెలలకు తిరిగి రక్తపరీక్ష చేయిస్తారు. ఈ క్రమం తలక్రిందులు కారాదు. ముందు మోతాదు, తరువాతే ఇనుము.

రక్తమోక్షణం గురించి

రక్తం తీయడం మన శాస్త్రానికి కొత్త కాదు. సుశ్రుతాచార్యులు సిరావ్యధాన్ని, జలౌకలతో రక్తం తీయడాన్ని విస్తారంగా బోధించారు. అయితే ఆయన పెట్టిన హద్దులను నేడు పలువురు మరచిపోతున్నారు. బలవంతునికైనా ఒక ప్రస్థం మించి తీయరాదన్నాడు. కొంత దోషం మిగిలినా ఫరవాలేదు గాని అతిగా రక్తం పోనీయరాదని హెచ్చరించాడు. పాండురోగులకు, క్షీణించినవారికి నిషేధించాడు. ప్రాణానికి ఆధారమైన రక్తాన్ని పిసినారి ధనం వలె కాపాడాలన్నదే ఆ హద్దుల వెనుక ఉన్న తాత్పర్యం.

హార్మోన్ వలన రక్తం చిక్కబడినప్పుడు రక్తం తీయాలా వద్దా అన్నది ఆసుపత్రిలో వైద్యుడు నిర్ణయించవలసిన విషయం. జలగలతో పోయే రక్తం బహుస్వల్పం, అది ఈ స్థితికి చికిత్స కాదు. రక్తదానం ఉత్తమమైన పుణ్యకార్యమే. మన దేశంలో పురుషులు ఒకసారి ఇచ్చిన తరువాత 90 రోజులు గడిచేవరకు తిరిగి ఇవ్వరాదన్న నియమం ఉన్నది. కానీ దానిని స్వీయచికిత్సగా వాడుకోవడం తగదు. హార్మోన్ వాడుతున్న సంగతిని రక్తనిధి కేంద్రంలో దాచకుండా చెప్పాలి. స్వీకరించడం, స్వీకరించకపోవడం వారి నిర్ణయం.

లోహకల్పాల విషయంలో జాగ్రత్త

పాండురోగ చికిత్సలో ఇనుముకు మన ప్రాచీనులు అగ్రస్థానం ఇచ్చారు. చరకసంహితలోని పాండురోగ చికిత్సాధ్యాయంలో చెప్పిన నవాయస చూర్ణంలో శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ, తుంగముస్తలు, వాయువిడంగాలు, చిత్రమూలం అనే తొమ్మిది ద్రవ్యాలు ఉండగా, వాటన్నిటికి సమానంగా లోహచూర్ణం కలుపుతారు. అంటే సగం ఇనుమే. పునర్నవా మండూరం, ధాత్రీలోహం, లోహాసవం కూడా ఈ కోవకు చెందినవే. పాండురోగికి ఇవి అమృతతుల్యాలు. హెమటోక్రిట్ 52 ఉన్నవానికి ఇవే అపథ్యం.

పురుషులకు బలం అని అమ్మే అనేక మిశ్రమాలలో లోహభస్మం కలిసి ఉండవచ్చు. హార్మోన్ చికిత్సలో ఉన్నవారు సీసాపై, డబ్బాపై ముద్రించిన ద్రవ్యాల పట్టికను చదివి, లోహం, మండూరం, అయస్సు, కాసీసం అన్న పదాలు ఉన్నాయేమో చూడాలి. ఇవన్నీ ఇనుము రూపాలే. మల్టీవిటమిన్ మాత్రలలోనూ ఇనుము ఉండవచ్చు. వాడుతున్న సమస్తమైన మందుల పేర్లను, ఆయుర్వేద మందులతో సహా, హార్మోన్ వ్రాసిన వైద్యునికి చూపాలి.

పాండువంతా ఇనుము లోపం కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. భీమవరంలో జన్మించి, మద్రాసులో ఆయుర్వేద కళాశాలలో బోధించి, తరువాత అమెరికా వెళ్లిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1940ల దశకంలో ఫోలిక్ ఆమ్లం తయారీలో సాధించిన కృషి రక్తహీనతలో మరొక ద్వారం తెరిచింది. ఫోలిక్ ఆమ్లం లోపమో, బి12 లోపమో ఉన్నవానికి ఎంత ఇనుము పోసినా రక్తం పెరగదు. శాకాహారులు బి12 పరీక్ష విషయం వైద్యుని అడగడం మంచిది.

ఆహారం, పథ్యం

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం పురుషునికి రోజుకు 19, స్త్రీకి 29 మిల్లీగ్రాముల ఇనుము ఆహారంలో ఉండాలి. మా చేవెళ్ల ప్రాంతపు పాత భోజనం ఈ అవసరానికి బాగా సరిపోయేది. వంద గ్రాముల సజ్జలలో సుమారు 6, జొన్నలలో 4, ఉలవలలో 8 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఉంటుంది. నువ్వులలో ఇంకా అధికం. తోటకూర, పుంటికూర, మునగాకు సరేసరి.

మొదటి స్థితిలో ఉన్నవారు, అనగా రక్తమూ ఇనుమూ రెండూ తక్కువైనవారు, జొన్నరొట్టెతో ఆకుకూర, ఉలవచారు, నువ్వుల పొడి తింటూ, భోజనంతో పాటు ఉసిరికాయ పచ్చడి గాని, నిమ్మరసం గాని తీసుకోవాలి. పులుపులోని విటమిన్ సి ధాన్యాలలోని ఇనుమును పేగులు గ్రహించేలా చేస్తుంది. ఇనుప మూకుడులో పుల్లకూర వండినా కొంత ఇనుము ఆహారంలోకి దిగుతుంది. భోజనం అయిన వెంటనే చాయ త్రాగితే ఆ ఇనుము సరిగా గ్రహింపబడదు, గంట రెండు గంటల ఎడం ఉండాలి. వైద్యుడు ఇనుము మాత్ర వ్రాస్తే దానిని పాలతో, సున్నం మాత్రలతో కలిపి మింగరాదు. ఒక మాత్ర మింగగానే హెప్సిడిన్ పెరిగి తూము కొంతసేపు మూసుకుంటుంది గనుక రోజు విడిచి రోజు ఇచ్చినా ఫలితం బాగుంటుందని ఇటీవలి పరిశోధనలు తెలుపుతున్నవి. మాత్ర వాడేటప్పుడు మలం నల్లగా రావడం సహజం. మాత్ర వాడకుండానే నల్లగా, తారు వలె వస్తే అది కడుపులో రక్తస్రావం, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

రెండవ, మూడవ స్థితులలో ఉన్నవారు ఆకుకూరలు, జొన్నలు మానవలసిన పనిలేదు. ఇంటి భోజనంలోని ఇనుము వలన ఎవరి రక్తమూ ప్రమాదకరంగా చిక్కబడదు. మానవలసినవి విడిగా మింగే ఇనుము మందులు, తరచుగా తినే కాలేయపు మాంసం, మద్యం, పొగాకు. నీరు, పలుచని మజ్జిగ, అంబలి దాహానికి తగినంత త్రాగాలి. వెల్లుల్లి, అల్లం, పసుపు తింటే హెమటోక్రిట్ దిగుతుందని కొందరు ప్రచారం చేస్తున్నారు. అవి వంటకు మంచివే, అంతవరకే. ఎర్రకణాల సంఖ్యను తగ్గించే ఇంటి వైద్యం ఏదీ లేదని స్పష్టంగా చెబుతున్నాను.

ఇనుమే అధికమై పుంస్త్వం తగ్గినప్పుడు

ఇప్పటివరకు హార్మోన్ వలన ఇనుము తగ్గడం చూశాము. దీనికి విపర్యయం కూడా ఉన్నది. తలసీమియా పిల్లలకు బ్రతికినంతకాలం రక్తం ఎక్కించవలసి ఉంటుంది. ఎక్కించిన ప్రతి సీసాతో ఇనుము శరీరంలో చేరుతుంది, దానిని బయటకు పంపే మార్గం శరీరానికి లేదు. ఆ ఇనుము కాలేయంలో, గుండెలో, పీయూషగ్రంథిలో పేరుకొంటుంది. పీయూషగ్రంథి దెబ్బతింటే వృషణాలకు ఆజ్ఞ అందదు, యౌవనం సకాలంలో రాదు. 1998లో ఏర్పడి, మా రంగారెడ్డి జిల్లా రాజేంద్రనగర్ ప్రాంతంలో ఉన్న తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఇటువంటి పిల్లలకు రక్తం ఎక్కించే సేవ చేస్తున్నది. ఇనుమును తొలగించే మందులు క్రమం తప్పక వాడడం ఈ పిల్లలకు ఎంత ముఖ్యమో తల్లిదండ్రులు గ్రహించాలి. పెరిగిన తరువాత వీరిలో కొందరికి టెస్టోస్టెరోన్ చికిత్స అవసరమవుతుంది. వీరికి నీరసంగా ఉన్నాడని ఇనుము టానిక్ పోయడం విషం పోయడంతో సమానం.

సందేహాలు, సమాధానాలు

*హార్మోన్ వాడుతున్న మా వారికి ఫెరిటిన్ 25 ఉన్నది. ఇనుము మొదలుపెట్టవచ్చునా?*

ముందు హెమటోక్రిట్ చూడండి. అది 45 లోపు ఉండి అలసట ఉంటే వైద్యుని సలహాతో ఇవ్వవచ్చును. 50 దాటి ఉంటే హార్మోన్ మోతాదు విషయం తేల్చకుండా ఇవ్వరాదు.

*సూది మానివేస్తే రక్తం ఎప్పటికి దిగుతుంది?*

ఎర్రకణం ఆయుర్దాయం సుమారు 120 రోజులు. కావున అంకె ఒక్క వారంలో దిగదు, కొన్ని నెలలలో క్రమంగా దిగుతుంది. స్వయంగా మానక, వైద్యునితో చెప్పి మార్చుకోవాలి.

*ఇంట్లో ఆడవారికి తెచ్చిన ఇనుము మాత్రలు మగవారు వాడవచ్చునా?*

వాడరాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి, పురుషులలో 25 శాతం మందికి రక్తహీనత ఉన్నది. స్త్రీలకు ఇనుము అవసరం అధికం. పురుషునికి, ముఖ్యంగా హార్మోన్ వాడేవానికి, పరీక్ష లేనిదే ఇనుము వద్దు.

ప్రమాద సూచనలు

హార్మోన్ చికిత్సలో ఉన్నవారికి ఈ క్రింది లక్షణాలు కనిపిస్తే కషాయాలు కాచుకుంటూ కూర్చోరాదు. తక్షణమే ఆసుపత్రికి చేర్చాలి.

1. ఒక కాలి పిక్క వాచి, నొప్పిపెట్టి, వేడిగా ఉండడం.
2. ఉన్నట్లుండి ఆయాసం, ఛాతీలో నొప్పి, రక్తంతో దగ్గు.
3. మూతి వంకరపోవడం, మాట తడబడడం, ఒక చేయి గాని కాలు గాని పడిపోవడం.
4. చూపు మసకబారడం, విడువని తలనొప్పి.
5. గుండె లయ తప్పి దడదడ కొట్టుకోవడం.

రోగి ఇంట ఒక చిన్న పుస్తకం ఉంచి, సూది వేసిన తేదీ, మోతాదు, హీమోగ్లోబిన్, హెమటోక్రిట్, ఫెరిటిన్ అంకెలను వరుసగా వ్రాస్తూ పోతే ఏ వైద్యుని వద్దకు వెళ్లినా పది నిమిషాలలో నిర్ణయం తేలుతుంది. మా ఎర్రనేలలకు ఆ రంగునిచ్చినది ఇనుమే. అయినా నేలలో ఎంత ఇనుము ఉన్నా పైరు తనకు కావలసినంతే గ్రహిస్తుంది. బయటి నుండి హార్మోన్ పొందుతున్న శరీరంలో ఆ అదుపు సడలుతుంది గనుక, ఎంత ఇవ్వాలో ఎప్పుడు ఆపాలో మనం లెక్కపెట్టుకోవాలి. రెండు అంకెలూ చేతిలో లేనిదే ఇనుము ఇవ్వరాదు, రక్తమూ తీయరాదు.